డిస్‌ప్లేలో ఏం పెట్టుకోవాలి? పికప్ ఓనర్లకు పక్కా చిట్కాలు

పికప్ కొన్న ప్రతివాళ్లూ ఇప్పుడు ఓబీడీ డాంగిల్ ఒకటి తెచ్చి స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చుతున్నారు. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపితే ఇంజను లోపలి సంగతులన్నీ తెర మీదికొస్తాయి. కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టేజీ, టర్బో బూస్ట్, ఇంజన్ లోడు, ఎగ్జాస్ట్ వేడి, ఇంకా బోలెడు. తెర మీద పట్టేవి మాత్రం నాలుగో ఆరో. ఏవి పెట్టుకోవాలన్న దగ్గరే మనవాళ్లు పప్పులో కాలేస్తున్నారు. ఇంజను బాధ చెప్పే అంకెలు పెట్టుకుంటారు. అవి చెప్పగానే బండి పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడతారు. ఎందుకొచ్చిన తంటా? మనతో పని చేయించని అంకే మంచి అంకె. బొలెరో పికప్ అయినా, 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్ అయినా సూత్రం ఇదొక్కటే.

1. ముందు కూలెంట్ వేడిని తెర మీంచి తీసేయండి. మామూలుగా 90 దగ్గర ఉండే అంకె, చెన్నై నుంచి తిరుగు లోడు వేసుకుని మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు 98, 102, 106 అంటూ పోతుంది. అది చూస్తే ఏసీ ఆపాలనిపిస్తుంది, గేరు దించాలనిపిస్తుంది, రేడియేటర్‌కు పట్టిన మట్టి కడిగించాలని కూడా అనిపిస్తుంది. ఇన్ని ఆలోచనలు డ్రైవింగ్‌కు మంచివి కావు. కంపెనీ ఇచ్చిన ముల్లు చాలు. చాలా బళ్లలో ఆ ముల్లు 80 దగ్గరా, 100 దగ్గరా మధ్యలోనే నిలబడేలా పెడతారు. మన మనశ్శాంతి గురించి అంత ముందుచూపుతో ఆలోచించినవాళ్ల మాట కాదనకూడదు.

ఒకవేళ ముల్లు ఎర్రగీత దాకా ఎగబాకి, ఉన్నట్టుండి కిందికి పడిపోతే చాలా మంచిది. హోస్ పగిలి నీళ్లన్నీ రోడ్డుపాలయ్యాక, తడి తగలని సెన్సరు అలా తక్కువ చూపిస్తుంది. కారణం ఏదైతేనేం, వేడి తగ్గింది. ఆగకుండా ఘాటు దాటించండి. హెడ్ గ్యాస్కెట్ సంగతి పైకి వెళ్లాక చూసుకోవచ్చు.

2. అలారం కావాలనుకుంటే 150 డిగ్రీలకు పెట్టండి. ప్రెషర్ మూత ఉన్నా సరే, కూలెంట్ అంతకు చాలా ముందే మరిగిపోతుంది కాబట్టి ఆ అలారం ఎన్నటికీ మోగదు. అడిగినవాళ్లకు మాత్రం "అలారం పెట్టానండీ" అని ధైర్యంగా చెప్పవచ్చు.

3. ఖాళీ అయిన చోట బూస్ట్ మీటరు పెట్టండి, తెరలో సగం దానికే ఇవ్వండి. నొక్కితే లేస్తుంది, వదిలితే పడుతుంది. దాన్ని చూసి చేయాల్సిన పని ఏమీ లేదు. పక్క సీట్లో బావమరిది ఉంటే ఇంకా బాగుంటుంది.

4. దాని పక్కన అప్పటికప్పుడు చూపించే మైలేజీ పెట్టండి. దిగుడులో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజనుకు డీజిల్ ఆగిపోతుంది, అంకె ఆకాశానికి లేస్తుంది. ఆ క్షణంలో స్క్రీన్‌షాట్ కొట్టి దాచుకోండి. అలాగే ఓ చల్లని ఉదయం, ఖాళీ బండితో, అన్ని అంకెలూ పద్ధతిగా ఉన్నప్పుడు ఇంకొకటి తీసుకోండి. ఫోన్‌లో పైన కనిపించే టైమునూ తారీఖునూ కత్తిరించడం మరిచిపోవద్దు. బండి మీది కాకుండా ఓనర్‌ది అయితే ఈ రెండు బొమ్మలే మీకు ఏడాదంతా అన్నం పెడతాయి. "బండి ఎలా ఉందిరా?" అని వాట్సాప్‌లో అడిగినప్పుడల్లా ఒకటి పంపండి. మాటలక్కర్లేదు.

5. ఫోన్ స్టాండును సరిగ్గా ఆయిల్ దీపానికి అడ్డంగా బిగించండి. చిన్న పికప్‌లలో చాలావాటికి ఆయిల్ ప్రెషర్ అంకెగా రాదు, ఒక ఎర్ర దీపమే గతి. ఆ దీపం కూడా ప్రెషర్ దాదాపు అడుగంటాకే వెలుగుతుంది. అంత ఆలస్యంగా వచ్చే కబురు విని చేసేదేముంది? ఇంజన్ సీజ్ అయితే చప్పుడు వినబడుతుంది, బండి ఆగుతుంది. అంతకన్నా స్పష్టమైన సూచన ఏ తెరా ఇవ్వలేదు.

6. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) మసి శాతం అసలు పెట్టకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక డీజిల్ బళ్లలో ఇదో కొత్త తద్దినం. ఫిల్టరులో మసి నిండితే బండి తనంతట తాను ఎగ్జాస్ట్‌ను 600 డిగ్రీల దాకా వేడెక్కించి దాన్ని కాల్చేస్తుంది. ఐడ్లింగ్ కొంచెం పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. మసి శాతం కనిపిస్తుంటే ఆ పని అయ్యేదాకా ఇంకో ఇరవై నిమిషాలు హైవే మీద నడపాలనిపిస్తుంది. కనిపించకపోతే టీ కొట్టు రాగానే హాయిగా ఇంజను ఆపేయవచ్చు.

ఇలా ప్రతిసారీ మధ్యలో ఆపడంలో రెండు లాభాలున్నాయి. మసి కాల్చడానికని అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఇంజనాయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ తగ్గడం పోయి పెరిగి ఉంటుంది. టాప్-అప్ ఖర్చు మిగిలింది. వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా పలచగా జారుతుంది, డీజిల్ వాసన వస్తుంది. పలచని ఆయిల్ చకచకా తిరుగుతుంది, కంగారు పడొద్దు. రెండోది, ఫిల్టరు పూర్తిగా నిండాక బండి లింప్ మోడ్‌లోకి పోయి, ఎంత తొక్కినా పరిగెత్తదు. పెళ్లి సామాను తేవాలని మామయ్య ఫోన్ చేసినప్పుడు "బండి లింప్ మోడ్‌లో ఉంది మామయ్యా" అనండి. అబద్ధం ఆడే పని కూడా తప్పింది.

7. చెక్ ఇంజన్ దీపం వెలిగితే యాప్‌లో కోడ్‌ను చదవకుండానే చెరిపేయండి. లోపం దొరికిన క్షణంలో వేగం, వేడి, లోడు ఎంతెంత ఉన్నాయో రాసిపెట్టుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతోపాటే పోతుంది. మెకానిక్‌కు ఆధారం ఉండదు, మన మీద నేరం ఉండదు. దీపం మళ్లీ వెలిగితే మళ్లీ చెరపండి. బండి అమ్మకానికి పెట్టినప్పుడు, చూడ్డానికి వచ్చేవాళ్లు గేటు తీసే లోపు ఇంకోసారి చెరపండి.

8. డాంగిల్‌ను ఎప్పుడూ పీకకండి. తాళం తీసేసినా ఆ సాకెట్‌లో కరెంటు ఉంటుంది. బండి కొన్నాళ్లు కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. సోమవారం పొద్దున స్టార్ట్ కాని బండికి సెలవు ఎవరూ కాదనరు.

9. షెడ్డుకు వెళ్లాక చెప్పాల్సిన మాట ఇప్పుడే కంఠతా పట్టండి: "అన్నా, డిస్‌ప్లేలో అంతా నార్మల్‌గానే ఉంది, ఒక్కసారిగా ఆగిపోయింది." హెడ్ బెండ్ అయినా, బోరింగ్‌కు వచ్చినా ఇదే మాట. ఇందులో అక్షరం అబద్ధం లేదు, ఎందుకంటే మీరు పెట్టుకున్న అంకెలన్నీ నిజంగానే నార్మల్‌గా ఉన్నాయి.

ఈ సెట్టింగులన్నీ ఈ రాత్రికే చేసేసుకోండి, పది నిమిషాల పని. అయ్యాక క్రేన్ అతని నంబరు ఫోన్‌లో అన్నిటికన్నా పైన సేవ్ చేసుకోండి.