బరి తొక్కకుండా జోస్యమా?

మా రోజుల్లో ఏ జట్టు గెలుస్తుందో చెప్పాలంటే ముందు చెప్పులు విప్పి బరిలోకి దిగాలి. మడమతో నేలను నొక్కి చూడాలి. తడి ఎంత ఉంది, ఇసుక పాలు ఎంత, రాత్రి మంచుకు పైపొర బిగిసిందా, పొద్దెక్కితే దుమ్ము రేగుతుందా, ఇవన్నీ తేల్చుకున్నాకే పెద్దవాళ్ళు నోరు విప్పేవాళ్ళు. ఇప్పుడు అల్లూరు నుంచి కోట దాకా ఏ టీ బంకు దగ్గర నిలబడినా కుర్రాళ్ళు ఫోను చూస్తూ జోస్యాలు చెప్తున్నారు. టీవీ కబడ్డీలో జైపూర్ జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తుందో, పట్నా జట్టులో ఎవరు ఎన్నిసార్లు కూతకు పోతారో అంకెలతో సహా అప్పజెప్తారు. ‘ఈ శనివారం మన పక్క కాలేజీ గ్రౌండులో ఆట ఉంది గదా అబ్బయ్యా, దాని సంగతేంది?’ అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నాకు కడుపు మండేది అక్కడే.

కబడ్డీ మా తీరానికి టీవీ తెచ్చిపెట్టిన ఆట కాదు. జువ్వలదిన్నె నుంచి ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం మీదుగా దుగరాజపట్నం దాకా సంక్రాంతి వస్తే బరి గీయని పాలెం ఉండేది కాదు. ఆ పాలేల పిల్లలే నాలుగక్షరాలు నేర్చుకుని కాలేజీల్లో చేరి కాలేజీ జట్లయ్యారు. నెల్లూరులో వి.ఆర్. కాలేజీ, సర్వోదయ కాలేజీ, కావలిలో దొడ్ల రామచంద్రారెడ్డి గారు పెట్టిన జవహర్ భారతి, దక్షిణాన విద్యానగర్ కాలేజీ. వీటన్నిటికీ అప్పట్లో తిరుపతి వేంకటేశ్వర యూనివర్సిటీయే పెద్ద దిక్కు. నెల్లూరు, చిత్తూరు, కడప కాలేజీలు ఒకదాంతో ఒకటి తలపడేవి. అందులో మెరిసినవాణ్ణి యూనివర్సిటీ జట్టుకు తీసుకునేవాళ్ళు. వాడు దక్షిణ మండలం పోటీలకు మద్రాసు వైపో, మైసూరు వైపో రైలెక్కితే ఊరంతా స్టేషనుకు పోయి సాగనంపేది. 2008లో విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చాక మా జిల్లా కాలేజీలు దాని కిందికి చేరాయి. పోటీలు దగ్గరయ్యాయి. జనం మాత్రం దూరమయ్యారు.

శుక్రవారం సాయంత్రం నోటీసు బోర్డు మీద డ్రా కాగితం అంటించేవాళ్ళు. ఎవరికి ఎవరు పడ్డారో అందులో ఉండేది. అక్కణ్ణుంచి మొదలయ్యేది అసలు పని. పొరుగు కాలేజీ జట్టు ఏ బస్సులో దిగిందో, వాళ్ళ కూతగాడు మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాడో, ఎవరి వేలికి గుడ్డ చుట్టి ఉందో, పోయినేడు ఆడిన కుడి మూల వాడు ఈసారి వచ్చాడో రాలేదో, అన్నీ రాత్రి అన్నాల లోపు మంగలి షాపు దాకా చేరిపోయేవి. ఇక వాదనలు. ఆ వాదనలకు బలం నోటి పెద్దరికం కాదు, కళ్ళతో చూసినదే. చూడనివాడు మాట్లాడితే ‘నువ్వు బరి తొక్కినావా?’ అని ఒక్క మాట అడిగేవాళ్ళు. వాడు గమ్మునుండేవాడు.

మా పాలెంలో వలలు అల్లే పెద్దాయన ఒకరుండేవారు. మా అందరికీ మామే. ఆయన దగ్గరికి పోయి అడిగేవాళ్ళం.

‘ఏం మామా, రేపు ఎవరిదంటావు?’

‘టౌనోళ్ళకు కూతగాడు ఉండాడు. మనోళ్ళకు మూలలు ఉండాయి. నేల తడిగా ఉంది. మనదే.’

‘నేల ఆరిపోతేనో?’

‘పది గంటలకు ఆరతాది. ఆట తొమ్మిదికి గదరా అల్లుడా.’

ఇంతే. రెండు ముక్కల్లో నేల, పొద్దు, ఆటగాడు, వేళ అన్నీ వచ్చేశాయి. ఇప్పటి వాళ్ళు అరగంట కూర్చుని విశ్లేషణలు చెప్పినా ఇంత సరుకు అందులో నాకు దొరకడం లేదు.

నేలకెందుకంత పట్టింపు అంటారేమో. మా జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక వాయుగుండం పోతే ఇంకొకటి వస్తుంది. కాలేజీ పోటీలూ అదే రోజుల్లో. తడిసిన మట్టిలో వేగంగా పోయే కూతగాడు తిరగబడే చోట జారతాడు. వాడి బలమంతా ఆ మలుపులోనే ఉంటుంది కాబట్టి సగం ఆట అక్కడే పోతుంది. అదే పొడి ఇసుక అయితే కాలు పూడి పట్టేవాడు ముందుకు దూకలేడు. అప్పుడు చేయి పొడుగున్న కూతగాడిది రాజ్యం. రెండు రోజుల ముందు కురిసిన వాన ఒక జట్టును ఓడించి ఇంకో జట్టును గెలిపించడం నేను చూస్తూనే పెరిగాను.

ఇక తీరం పిల్లల మూలల సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఫోనులో అంకెలకు ఇది అందదు. అలివి వల లాగడం చూశారా మీరు? పడవ మీద పోయి సముద్రంలో వల చుట్టి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడుకు ఒక వరస మనుషులు. తాడును నడుముకు ఆనించి, మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ లాగాలి. కళ్ళు నీళ్ళ మీద, కాళ్ళు వెనక్కి. పదేళ్ళ వయసు నుంచి అట్లా లాగిన పిల్లవాడి తొడలు చూడండి, వేళ్ళు చూడండి. కబడ్డీలో మూల నిలబడేవాడు చేసే పని అచ్చం అదే. కూతగాణ్ణి చూస్తూ వెనక్కి జరగాలి, వాడు కాలు చాపిన క్షణంలో చీలమండ దొరకబుచ్చుకోవాలి, దొరికాక మడమలు దిగేసి ఆగాలి. వాడు మధ్య గీత వైపు ఎంత గుంజినా చేయి వదలకూడదు. మా వాళ్ళకు ఆ పట్టు ఎవరూ నేర్పలేదు. సముద్రం నేర్పింది. అందుకే కాలేజీ జట్టులో రెండు మూలలకూ తీరం పిల్లలుంటే ఆ జట్టు ఓడదని మామ ధీమాగా చెప్పేవారు.

కూత సంగతి మరీ వేరు. ఇప్పుడు 30 సెకన్ల గడియారం పెట్టారు. తెర మీద అంకె తగ్గుతూ ఉంటుంది. అప్పట్లో మా ఊరి బరుల్లో చెవే గడియారం. కూతగాడు గీత దాటి లోపలికి పోతుంటే జనం ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు. గొంతు సన్నబడిందా, కూత మధ్యలో తెగిందా అని వినడానికి రెఫరీ ఒక్కడే కాదు, గీత పక్కన గొంతుక్కూర్చున్న ముసలమ్మ కూడా ఉండేది. ఆటకు ముందు రోజు కూతగాడు మాట్లాడితే వినాలి. జలుబు చేసిందా, గొంతు బొంగురుపోయిందా? అదొక్కటి తెలిస్తే జోస్యం సగం అయినట్టే. ఇప్పుడు టీవీలో వ్యాఖ్యాతల హోరు, పాటల హోరు. కూత వినపడదు. ఊపిరి వినపడని కబడ్డీని నేను కబడ్డీగా ఒప్పుకోలేను.

కొత్తది అంతా చెడ్డదని నేను అనడం లేదు. మ్యాట్ వచ్చాక మోకాళ్ళు, మోచేతులు చెక్కుకుపోవడం తగ్గింది. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టు పడితే అదనంగా ఒక పాయింటు ఇవ్వడం మంచి నియమం. ఓడిపోతున్న జట్టుకు ఆశ మిగులుతుంది. ఆడపిల్లలు కబడ్డీ ఆడి ఆసియా క్రీడల దాకా పోవడం మా రోజుల్లో ఊహకు కూడా రానిది. 2010 నుంచి వాళ్ళకూ అక్కడ పతకాలున్నాయి. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక ఆటగాడి చేతికి నాలుగు డబ్బులు వస్తున్నాయి. కబడ్డీ ఆడితే అన్నం ఎవరు పెడతారని తండ్రులు కొట్టిన రోజులు నాకు గుర్తున్నాయి కాబట్టి దానికి సంతోషమే.

కానీ ఆ లీగే మనవాళ్ళ జోస్యాన్ని చెడగొట్టింది. మన పేరు పెట్టుకున్న తెలుగు టైటాన్స్‌నే చూడండి. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పోసి కొన్నారు. అప్పటికి లీగ్‌లో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. ఈసారి కప్పు మనదేనని ఊళ్ళో కుర్రాళ్ళంతా చెప్పారు. ఆ సీజన్లో టైటాన్స్ 22 ఆటలాడి రెండే గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది. పవన్ గొప్ప ఆటగాడు, అందులో అనుమానం లేదు. కానీ కబడ్డీలో కూతగాడు ఎన్ని పాయింట్లు తెచ్చినా, పట్టేవాళ్ళు లేకపోతే అవతలివాళ్ళు అన్నీ తీసుకుపోతారు. మూలలు చూడకుండా కూతగాడి ధర చూసి చెప్పిన జోస్యం అట్లాగే ఉంటుంది.

ఇంకా పెద్ద సంగతి 2018 జకార్తాది. 1990లో బీజింగ్‌లో ఆసియా క్రీడల్లో కబడ్డీ చేరిన నాటి నుంచి 2014 దాకా మన మగవాళ్ళ జట్టు వరసగా ఏడు బంగారు పతకాలు తెచ్చింది. జకార్తాలో గ్రూపు ఆటలోనే కొరియా చేతిలో ఒక్క పాయింటుతో ఓడింది. ఆ తర్వాత సెమీఫైనల్లో ఇరాన్ ఓడించింది. పాత అంకెలు పట్టుకుని బంగారం మనదేనన్న వాళ్ళే దేశమంతా. ఇరాన్ వాళ్ళ భుజాలు, వాళ్ళ గొలుసు పట్టు ఎదురుగా చూసిన ఆటగాళ్ళకు మాత్రం ఓడతామేమోనన్న భయం ముందే ఉండి ఉంటుంది.

పందాల గురించి రెండు మాటలు. మా కాలంలో పందెం లేదని అబద్ధం చెప్పను. టీకి, సోడాకు, మరీ పెద్ద పందెమైతే ఒక పూట చేపల పులుసుకు కాసేవాళ్ళు. ఇప్పుడు పిల్లలు ఫోనులో జట్లు కట్టి తండ్రి కష్టార్జితం పోగొట్టారు. 2020లో మన రాష్ట్రం, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టాలు తెచ్చాయి. మంచి పని చేశాయి. చట్టం వల్ల డబ్బు ఆగుతుంది. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా అంకెను చూసే అలవాటును మాత్రం ఇంట్లో, బడిలో మనమే మాన్పించాలి.

అసలు చూడాలన్నా గ్రౌండు ఉండాలి గదా. టౌన్లో ఇంటర్ కాలేజీలు మూడంతస్తుల మేడల్లో నడుస్తున్నాయి. కింద మోటారు సైకిళ్ళు, పైన క్లాసులు. పదహారేళ్ళ పిల్లవాడు రెండేళ్ళు మట్టి తొక్కకుండా డిగ్రీకి వస్తున్నాడు. మా వైపు ఒక కాలేజీలో పీడీ గారు రిటైరైతే ఆ కుర్చీ అట్లాగే ఖాళీగా ఉంది. బరి మీద ఇసుక కుప్ప పోశారు, పక్క గది కట్టడానికి. గది పూర్తయింది. కుప్ప ఇంకా అక్కడే ఉంది.

సరే, ఈ వారం సంగతికి వస్తాను. శని, ఆదివారాల్లో మా వైపు నాలుగు కాలేజీల ఆటలున్నాయి. మట్టి బరి. గురువారం పోయి తొక్కి వచ్చాను. ఆడేది చదువుకునే పిల్లలు కాబట్టి కాలేజీల పేర్లు, వాళ్ళ పేర్లు రాయను. చూడబోయేవాళ్ళు పోల్చుకుంటారు.

శనివారం మొదటి ఆట టౌన్ ఇంజనీరింగ్ కాలేజీకీ, తీరం పక్క డిగ్రీ కాలేజీకీ. ఇంజనీరింగ్ వాళ్ళ కూతగాడు మంచి వేగస్థుడు. లోపల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు బోనస్ గీత తొక్కి పాయింటు తెచ్చుకోవడంలో వాడికి సాటి లేదు. కానీ మ్యాట్ మీద బూట్లతో నేర్చుకున్న ఆట వాడిది. సాధనలో మట్టి మీద ఎడమకు తిరిగినప్పుడల్లా చేయి నేలకు ఆనిస్తున్నాడు. తీరం వాళ్ళ కుడి మూల కుర్రాడు అది కనిపెట్టాడు, వాడి కళ్ళలో నాకు తెలిసింది. మొదటి పది నిమిషాలు టౌన్ వాళ్ళు ముందుంటారు. ఆ తర్వాత తీరం వాళ్ళు ఒకసారి అందర్నీ ఔట్ చేసి రెండు పాయింట్లు అదనంగా పట్టుకెళ్తారు. అక్కణ్ణుంచి ఆట తిరగబడుతుంది.

రెండో ఆటలో చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. పోయినేడు గెలిచిన జట్టులో నలుగురు చదువు ముగించి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ మీద ఎదురుపడే కొత్త జట్టు సులభంగా గెలుస్తుంది.

ఆడపిల్లల ఆట మాత్రం తప్పకుండా చూడండి. వరి నాట్లకు అమ్మతో పోయి నడుం వంచి పనిచేసిన పిల్లలు ఇద్దరున్నారు ఒక జట్టులో. వాళ్ళు పట్టుకు వంగితే మళ్ళీ లేవకుండానే రెండో పట్టు పడుతున్నారు. ఇంత కింద నుంచి వచ్చే తొడ పట్టు నేను ఈ మధ్య మగపిల్లల్లో కూడా చూడలేదు. ఆ జట్టుదే గెలుపు, పది పాయింట్లకు తగ్గకుండా.

ఆదివారం మగపిల్లల ఫైనల్ తీరం కాలేజీదే. తేడా ఐదు పాయింట్ల లోపు ఉంటుంది. రాత్రికి వాన పడితే ఇంకొంచెం పెరుగుతుంది. కాదనేవాళ్ళు ఫోను జేబులో పెట్టుకుని తొమ్మిది లోపు గ్రౌండుకు రండి. చెప్పులు విప్పి బరి తొక్కి మీ మాట మీరు చెప్పండి. తూర్పు వైపు, ఎండ వీపుకు తగిలేలా నిలబడితే రెండు మూలలూ బాగా కనపడతాయి.