ఉనైజాలో జయద్రథుడు

నా పేరు ‘భగవంతుని మీది పగ’. విశ్వనాథ సత్యనారాయణ గారి పురాణవైర గ్రంథమాలలో నవలలు 12. వాటిలో మొదటిదాన్ని. ప్రస్తుత నివాసం సౌదీ ఖసీంలోని ఉనైజా, ఖర్జూరం తోట పక్కన పనివాళ్ల రూము, పైమంచం, దిండు కింద. నా అట్టకున్న జిగట సుక్కరీ పండుది. ఆగస్టులో కాయ దిగే రోజుల్లో మా డ్రైవరన్న తెల్లారకముందే డైనా బండిని వేలంపాట దగ్గర పెట్టి, వంతు వచ్చేదాకా నన్ను స్టీరింగుకు ఆనించి చదివేవాడు. తోట లెక్కలు రాసే అరబ్బు గుమాస్తా ఓసారి నన్ను తీసుకుని, అలవాటుగా వెనక నుంచి తెరిచాడు. అన్న చటుక్కున లాక్కున్నాడు, కథ గుట్టంతా ఆ చివరే ఉన్నట్టు!

గుట్టంటే జయద్రథుడే. రాజులు మారతారు, తరాలు మారతాయి, వాడు మాత్రం ఎక్కడో ఓ చోట తేలతాడు. వాణ్ణి పట్టుకునే అన్న ఒక్కో నవలా లాగించేశాడు.

పేచీ అంతా లెక్కల దగ్గర. గ్రంథమాల నడిచేది కోట వెంకటాచలం గారి కాలనిర్ణయం మీద. దాని ప్రకారం మౌర్య చంద్రగుప్తుడు క్రీ.పూ. 1534లోనే గద్దెనెక్కాడు, గ్రీకులు ఎరిగిన చంద్రగుప్తుడు గుప్తవంశం వాడు. అన్నది పత్తికొండ వైపు. ఎర్రగుడి బండల మీది అశోకుడి శాసనాలు చిన్నప్పుడే చూసినవాడు. 13వ శాసనంలో అశోకుడు అంతియోకుడు, తురమాయుడు మొదలుకొని ఐదుగురు యవన రాజుల పేర్లు చెప్పాడు. వాళ్లేమో క్రీ.పూ. 3వ శతాబ్దం వాళ్లు. “మరి అశోకున్ని పన్నెండు నూర్ల ఏండ్లు వెనక్కి ఎట్ల తోస్తావు సామీ?” అని నన్నే నిలదీస్తాడు. నేనేం చెప్పను, అచ్చయిపోయినదాన్ని!

వేదాన్ని కాదన్న ఆలోచన ఎక్కడ పుట్టినా విశ్వనాథ గారు దాని వెనక కుట్ర వెతకడం కూడా అన్నకు రుచించదు. అలాంటి పేజీలొస్తే “పెద్దాయన మళ్లీ మొదలుపెట్టినాడు” అని గొణిగి, లేచి టీ పెట్టుకుంటాడు. నన్ను మాత్రం మూయడు, వేలు పెట్టిన చోటే బోర్లిస్తాడు.

కింది మంచం జగిత్యాల పిల్లగాడికి ఈ గొడవ లేదు. “అన్నా, శాసనం ముచ్చట తర్వాత సూద్దాం గని, గా జయద్రథుడు దొరికిండా లేదా చెప్పు.” అన్న చెప్పడు.

రూములో ఇప్పటికి మేం పది పుస్తకాలం చేరాం. ‘వేదవతి’, ‘నివేదిత’ ఇంకా రాలేదు. సెలవు ముగించుకుని ఖసీం వైపు వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఆ రెండూ సంచీలో వేసుకురండి. డబ్బులు అన్న ఇస్తాడు.