రిజెక్టయిన జాయింటుకు తలకిందుల సలహాలు

ఎక్స్‌రేలో వెల్డింగు జాయింటు పోతే గాజువాక షాపుల్లో కుర్రాళ్లకు చెప్పే చిట్కా తెలిసిందే: మార్కు పెట్టిన చోట కాస్త గ్రైండింగ్ చెయ్యి, పైన ఒక రన్ను లాగించు, సాయంత్రంలోగా మళ్లీ ఇన్‌స్పెక్షన్‌కు పెట్టు. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. సూపర్‌వైజర్‌కు నచ్చదు. అయినా విను తమ్ముడూ.

ఆ పూట గ్రైండర్ ముట్టుకోకు. ముందు ఫిల్మ్ అడిగి నీ కళ్లతో చూడు. గుండ్రటి నల్లచుక్కలైతే పొరాసిటీ, రాడ్డు తడిగా ఉందేమో. వంకరటింకర నల్లమచ్చయితే స్లాగ్, రన్నుకీ రన్నుకీ మధ్య సరిగ్గా చిప్పింగ్ చెయ్యలేదన్నమాట. కారణం తెలుసుకోకుండా దిగితే అదే తప్పు అదే చేత్తో మళ్లీ వేస్తావు. లోపం ఎంత లోతున ఉందో ఫిల్మ్ చెప్పదు. అల్ట్రాసోనిక్ పెట్టించమని అడుగు, ఏ వైపు నుంచి తవ్వాలో తేలుతుంది.

తవ్వేటప్పుడు పిసినారితనం వద్దు. గౌజింగ్ అయ్యాక మిగిలే కార్బన్ పొరంతా పోయి లోహం మెరిసేదాకా గ్రైండింగ్ చెయ్యి. గుంత కొసలు ఏటవాలుగా, అడుగు గుండ్రంగా రావాలి. గోడలు నిట్టనిలువుగా ఉంటే రాడ్డు తిరగదు, మూలల్లో మళ్లీ స్లాగే మిగులుతుంది. ఆపైన డి.పి. (డై పెనెట్రెంట్) టెస్టు. ఎర్ర రంగు తుడిచి తెల్ల డెవలపర్ చల్లాక వెంట్రుకంత ఎర్రగీత తేలినా ఇంకా తవ్వాల్సిందే. అంత గుంత చూసి పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ.

రాడ్ల దగ్గర మాత్రం మొండిగా ఉండు. మనది సముద్రపు ఊరు. ప్యాకెట్టు విప్పి వదిలేసిన 7018 రాడ్డు తేమ పీల్చేస్తుంది. ఆ తేమలోని హైడ్రోజన్ మందపాటి ప్లేటును రెండు రోజుల తర్వాత కూడా పగలగొట్టగలదు. ఓవెన్‌లో కాల్చిన రాడ్డు ఇచ్చేదాకా హోల్డర్ పట్టుకోకు. ప్లేటు మందంగా ఉంటే ప్రీహీట్ ఇవ్వు, మళ్లీ ఎక్స్‌రేకు 48 గంటలు ఆగుదామని నువ్వే అడుగు.

ఇక అందరూ పిచ్చి అనే సలహా. నువ్వు వేసిన వేరే జాయింటు మీద అనుమానముంటే ఇన్‌స్పెక్టర్‌కు నువ్వే చూపించు. 1943 జనవరిలో అమెరికాలో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు ఓడ రేవులో, కదలని నీళ్లలో, కట్టేసి ఉండగానే నడిమికి విరిగింది. వెల్డింగు లోపాలూ, పెళుసు ఉక్కూ కలిసి చేసిన పని అది. 1948లో జల ఉష ఓడ నీళ్లలోకి దిగిన ఊళ్లో పనిచేస్తూ ఆ సంగతి మరిచిపోతే ఎలా?

రిపేరు ఫిల్మ్ మీద ఆర్1 అని పడుతుంది, దానికి సిగ్గుపడకు. అదీ పోయి ఆర్2 దాకా వస్తే మాత్రం మళ్లీ అతుకు వెయ్యకు, జాయింటు మొత్తం కోసేసి కొత్తగా ఫిటప్ చేయిద్దామని పట్టుబట్టు.