చెడు సావాసం

మా పెద్దమ్మ లెక్కలో ఏ కోడీ పుట్టుకతో చెడ్డది కాదు. ఎదురింటి పుంజు వల్ల చెడిపోతుంది. భీమవరం పక్క పల్లెలో ఆవిడ పెరట్లో కోళ్ళన్నిటికీ తలో దుర్గుణం ఉంది. పొడల పెట్ట గుడ్డు పగలగొట్టుకుని తాగుతుంది. నల్లది గోడ దూకి పక్కింటి గడ్డివాములో గుడ్డు పెట్టొస్తుంది. బోడిమెడది తోటి కోళ్ళ తోకలు పీకుతుంది. అన్నిటికీ మూలం ఆ ఎదురింటి డేగ పుంజేనట. అది పాపం రోజంతా వాళ్ళ అరుగు మీద గంప కిందే ఉంటుంది. ఆ మాటే అంటే, "గంప కింద ఉంటే మాత్రం? కూత వినబడదూ?" అంటుంది.

ఇలాంటి మనిషి మీ వీధిలోనూ ఉండే ఉంటారు. కోళ్ళని పెంచడం వేరు, కోళ్ళకి బుద్ధులు నేర్పడం వేరు. ఈ రెండో బాపతు వాళ్ళు తెల్లారి గూటి తలుపు తీస్తూనే నిన్నటి తప్పులన్నీ ఏకరువు పెడతారు. "తినడానికి ముందూ, పనికి వెనకానా?" అని పెద్దమ్మ నల్లదాన్ని అందుకోగానే వంటింట్లో వదిన చేతిలో గరిటె ఆగిపోతుంది. ఆ తిట్టు కోడికా, తనకా అన్నది ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి తేలలేదు. నా సంగతి మాత్రం తేలిపోయింది. "బారెడు పొద్దెక్కేదాకా పడుకునే పెట్ట ఏ ఇంటికి అచ్చొచ్చిందీ" అన్న మాట నేను సెలవలకి వెళ్ళినప్పుడే పెరట్లోంచి వినబడుతుంది. కోళ్ళు చూస్తే చీకటితోనే లేచి కూర్చుంటాయి.

పొడలదాని చేత గుడ్లు తాగడం మాన్పించడానికి పెద్దమ్మ వేసిన పథకం వీధంతా చెప్పుకున్నారు. గుడ్డుకి బెజ్జం పెట్టి, సొన వంపేసి, లోపల గుంటూరు కారం కూరి, పైన పిండి మెత్తి గూట్లో పెట్టింది. పొడలది వచ్చింది, పొడిచింది, కారమంతా ఏరుకుని తింది, ముక్కు నేలకి రాసుకుని ఇంకోటుందా అన్నట్టు చూసింది. మిరప ఘాటు మనలాంటి పాలిచ్చే జీవులకే గానీ పక్షులకి అంటదు. అడవి మిరప గింజల్ని నాలుగు దిక్కులా చల్లి పెట్టేవే పక్షులు. ఈ సంగతి వివరంగా చెప్పాను. "ఘాటు తెలీకపోతే తప్పు కూడా తెలీదా?" అంది. తుమ్ములు మాత్రం ఇంటిల్లిపాదికీ వచ్చాయి.

చివరికి పశువుల డాక్టరుగారు వచ్చి చూశారు. గుడ్డు పెంకులో నూటికి తొంభై పాళ్ళ పైన సున్నపు సరుకే ఉంటుందట. నూకలూ తౌడూ తిని బతికే పెట్టకి అంత సున్నం ఎక్కణ్ణించి వస్తుంది? పెంకు పల్చబడి గుడ్డు గూట్లోనే చితికితే పెట్ట రుచి చూస్తుంది. ఒకసారి రుచి మరిగాక తనే పొడుచుకోవడం నేర్చుకుంటుంది. ఆల్చిప్పల పొడి వెయ్యండి, గూటికి గోనెపట్టా కట్టి చీకటి చెయ్యండి, గుడ్డు పెట్టగానే తీసెయ్యండి అన్నారాయన. అన్నీ చేశారు. అలవాటు మెల్లగా వదిలింది. "నా నోటికి జడిసింది" అంది పెద్దమ్మ, డాక్టరుగారి ఎదుటే.

గోడ దూకే నల్లదానికి రెక్క ఈకలు కత్తిరించమన్నారు. అది ఒక్క వైపే చెయ్యాలి, అప్పుడు తూకం తప్పి ఎగరలేదు. ఒక రెక్క ఉంచి ఒకటి కొయ్యడం అన్యాయమనిపించి, పెద్దమ్మ రెండిటినీ కొలిచినట్టు సమానంగా కత్తిరించింది. నల్లది కూడా అంతే సమానంగా ఎగిరి గడ్డివాములో దిగింది.

కోళ్ళలో ఎవరు ఎవర్ని పొడవొచ్చో ఒక వరస ఉంటుందని నార్వే దేశస్థుడు షెల్డెరప్ ఎబ్బె 1922లో రాశాడు. చిన్నతనం నుంచీ ఇంటి కోళ్ళని చూసి కనిపెట్టాడట. అది చెబితే పెద్దమ్మ నవ్వింది. "దీనికి నార్వే దాకా ఎందుకురా? మా అత్తగారింట్లో ఆరుగురు తోడికోడళ్ళం." అంత తెలిసీ, అందరికన్నా అడుగునున్న పెట్టకి ముందు గింజలు వేస్తుంది. ఆవిడ అటు తిరగగానే మిగతావన్నీ కలిసి దాన్ని ఇంకో నాలుగు పొడుస్తాయి.

ఒక్క విషయంలో ఆవిడ్ని ఏమీ అనలేను. పొదుగుకొచ్చిన పెట్టని మాన్పించడానికి చన్నీళ్ళలో ముంచేవాళ్ళున్నారు, ముక్కులో ఈక దూర్చేవాళ్ళున్నారు. పెద్దమ్మ గుమ్మంలో ఆ మాటే ఎత్తకూడదు. గంపలో గడ్డి పరిచి, గుడ్లు సర్ది, ఇరవై ఒక్క రోజులూ ఆ గదిలోకి ఎవర్నీ గట్టిగా నడవనివ్వదు. ఆ రోజుల్లో వదిన కూడా హాయిగా ఉంటుంది.

ఇంత చెబుతున్నాను గానీ, ఎదురింటి డేగ నేను ఊళ్ళో ఉన్న రోజుల్లోనే కావాలని అర్ధరాత్రి కూస్తుందని నాకూ గట్టి నమ్మకం.

ఇక పెద్దమ్మ సొంత పుంజు కాకిడేగ. గుమ్మంలోకి ఎవరొచ్చినా కాళ్ళ మీద పడి పొడుస్తుంది. అలాంటిదాన్ని చూసి వెనక్కి తగ్గకూడదు, ఎత్తి చంకలో పెట్టుకుని తిప్పితే పొగరణుగుతుందని ఎవరో చెప్పారు. అప్పట్నుంచీ కిరాణా కొట్టుకీ, రామాలయానికీ చంకలో పుంజుతోనే వెళ్ళొచ్చేది. సంక్రాంతి ముందు భీమవరం వైపు పుంజుతో వీధిలో నడిస్తే ఏమవుతుందో తెలుసుగా. చట్టం ఒప్పకపోయినా కోడిపందాల బరులు లేస్తాయి. కొట్టు దగ్గర ఒకాయన ఆగి, "ఏ బరికండీ?" అన్నాడు.

"బరీ లేదు, గిరీ లేదు. కొట్లాట మాన్పిద్దామని తిప్పుతున్నాను" అంది పెద్దమ్మ.

ఆయన పుంజు కాళ్ళు నొక్కి చూశాడు, మెడ సవరించాడు, ఓ రేటు చెప్పాడు. అది చంకలోంచే ఆయన చెయ్యి చీరేసింది. ఆయన రక్తం తుడుచుకుంటూ రేటు పెంచాడు.

పుంజుని ఇవ్వలేదు. గర్వంగా ఇంటికి తెచ్చి ఆ రాత్రే బాదంపప్పులు నానబోసి, తెల్లారి పొట్టు తీసి మరీ పెట్టింది. పదో తరగతి పరీక్షలప్పుడు నాకు వేరుశనగపప్పులు పెట్టింది.