అప్ అండ్ డౌన్

మా నల్లగొండలో ప్రభుత్వోద్యోగులు రెండు రకాలు: ఊళ్ళో ఉండేవాళ్ళు, అప్ అండ్ డౌన్ చేసేవాళ్ళు. రెండోరకం వాళ్ళ కాపురం ఎల్బీనగర్‌లోనో వనస్థలిపురంలోనో ఉంటుంది. ఎందుకంటే పిల్లల చదువు అంటారు. ఆ పిల్లలు చదువైపోయి అమెరికా చేరినా వీళ్ళు మాత్రం తిరుగుతూనే ఉంటారు. నేనూ ఆ జాతివాణ్ణే.

ప్రయాణం పొడుగయ్యే కొద్దీ మనిషి సంతోషం తగ్గుతుందనీ, జీతమూ ఇల్లూ ఆ లోటును పూడ్చడం లేదనీ బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు 2008లో తేల్చారు. వాళ్ళు చూసింది జర్మనీ లెక్కలు. మావాళ్ళ కారు షేరింగ్ చూసుంటే ఇంకేం తేల్చేవారో!

నలుగురు కలిసి డీజిల్ ఖర్చు పంచుకుంటారు. తొందరగా చేరతారు, నిజమే. కానీ పంతంగి టోల్ దాకా పీఆర్సీ, అక్కణ్ణించి వెనక సీటాయన షుగర్ రీడింగులు. దిగిపోదామంటే హైవే. ఒకడు సెలవు పెట్టాడా, వాటా పెరిగిందని మిగతా ముగ్గురూ మొహం మాడ్చుకుంటారు.

రైలు చవకే గానీ బీబీనగర్ మీదుగా చుట్టు తిరగాలి. అది పాలమూరోళ్ళకే అచ్చొచ్చింది. మహబూబ్‌నగర్‌లో ఎక్కి కాచిగూడలో దిగే నా దోస్తుకు సొంతూరికే ట్రాన్స్‌ఫర్ వస్తే వద్దన్నాడు. జడ్చర్ల దాటగానే పేకలు పంచే బ్యాచ్ ఉంది వాడికి. "గా బ్యాచును ఇడిసిపెట్టి ఇంట్ల కూసొని ఏం జేద్దునే?" అని నన్నే ఎదురడిగాడు.

నాది బస్సు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్‌ దాకా ప్రయాణం ఫ్రీ అయ్యాక కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపడం పాతకాలపు విద్య అయిపోయింది. మొన్న వేశాను. లోపలికెళ్ళి చూస్తే దస్తీ మీద సద్ది సంచి, సంచిని ఆనుకుని ఓ బుడ్డోడు. "పిల్లగాడు పండుకున్నడు సారూ, ఎట్ల లేపాలె?" అందా తల్లి. "ఆధార్ తియ్యుండ్రమ్మా" అంటూ వస్తున్న కండక్టర్ మాత్రం నన్ను చూసి పెళ్ళివారిని చూసినట్టు నవ్వాడు. పైసలిచ్చేవాడు దొరికాడు మరి!

నిలబడాల్సి వచ్చినా నాకు బస్సే ఇష్టం. అసలు కారణం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆఫీసర్ ఫోన్ చేసినా, ఇంటినుంచి వచ్చినా ఒకటే జవాబు: "బస్సులో ఉన్నా, సిగ్నల్ లేదు." ఆ రెండు గంటలూ నేను ఎవరి గుమస్తానూ కాను, ఎవరి మొగుణ్ణీ కాను.

పోయిన నెల మా ఆవిడ, "నాకెట్లాగూ ఫ్రీయే గదా" అంటూ నల్లగొండలో ఉన్న వాళ్ళక్కను చూడ్డానికి నాతో బయల్దేరింది. ఆమెకు సీటు దొరికింది, నాకు రాడ్డు. హయత్‌నగర్‌లో అక్కకు ఫోన్ కలిపి నార్కట్‌పల్లి దాకా మాట్లాడింది. ఎక్కడా కట్ కాలేదు. ఫోన్ పెట్టేసి తలెత్తి నావైపు చూసింది.

"ఇంతకూ మీకు సిగ్నల్ పోయే ఊరు ఏది?"