అడ్డం కూడినా, నిలువు కూడినా

మా రోజుల్లో ఫిబ్రవరి వచ్చిందంటే మదనపల్లెలో జీతాల క్లర్కును పలకరించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. బల్లమీద పే బిల్ రిజిస్టరు, పక్కన ఇన్‌కంటాక్స్ లెక్క కోసం స్కేలుతో గళ్లు గీసిన పొడుగాటి కాగితం. నిలువున పన్నెండు నెలలు. అడ్డంగా బేసిక్, డీఏ, హెచ్చార్ఏ, ఆ తర్వాత కటింగులు: జీపీఎఫ్, ఏపీజీఎల్ఐ, జీఐఎస్, వృత్తి పన్ను. గ్రాసు అడ్డం కూడినా, నిలువు కూడినా ఒకటే రావాల. రూపాయి తేడా వస్తే ఆ పూట ఇల్లు చేరేది లేదు.

సంవత్సరమంటే మాకు మార్చి బిల్లుతో మొదలై ఫిబ్రవరి బిల్లుతో ముగిసేది. మార్చి జీతం చేతికొచ్చేది ఏప్రిల్లో కదా! పుంగనూరులో మా హెడ్ క్లర్కు కొత్తగా చేరినోళ్లకు చెప్పే మొదటి పాఠం అదే.

2018 నుంచి రాష్ట్రంలో జీతాల బిల్లులు సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ దారి పట్టినాయి. మంచిదే, కార్బన్ పేపర్ల మరకలు వదిలినాయి. నా బాధ దాంతో కాదు. మొన్న కుప్పం పోతే మా తమ్ముడి కొడుకు, బడిపంతులు, ల్యాప్‌టాప్ తెరిచి చూపించినాడు. ఎవరో మాస్టారు ఎక్సెల్లో చేసిన ఇన్‌కంటాక్స్ సాఫ్ట్‌వేరంట. బేసిక్, ఇంక్రిమెంటు నెల కొడితే చాలు, పన్నెండు నెలలూ అదే నింపేస్తుంది.

"చూడు పెదనాయనా, రెండు నిమిషాల్లో టోటలు!"

"బాగుంది. నువ్వు అర్ధజీతం సెలవు పెట్టిన నెలలో గూడా నిండు జీతమే చూపిస్తాందే?"

మాట్లాడలేదు.

"సరెండర్ లీవు డబ్బు యాడ?"

"అది వేరే బిల్లు గదా."

"డీఏ బకాయి?"

"అది చేతికి రాలేదు, పీఎఫ్‌లో వేసినారు."

వీడు 2004 సెప్టెంబరుకు ముందే చేరినోడు, అందుకే జీపీఎఫ్ ఉంది. పీఎఫ్‌కు జమైనా బకాయి బకాయే, ఆదాయమే. ఆ మాస్టారి తప్పేమీ లేదు, పాపం పుణ్యానికి చేసి పెట్టినాడు. ఆ షీటు చెప్పేది నీకు ఎంత రావాలనేది. మా రిజిస్టరు చెప్పింది ఎంత వచ్చిందనేది. పన్ను లెక్కకు పట్టాల్సింది బిల్లుల్లో నిజంగా పడినదాన్ని. కొత్త పన్ను విధానంలో ఎల్ఐసీ రసీదుల బాధ తప్పింది గానీ, గ్రాసు ఎక్కడికి పోతుంది?

ఈ గ్రాసులో తప్పు పడితే జీతాలు డ్రా చేసే అధికారి (డీడీవో) వేసే నాలుగో త్రైమాసికం టీడీఎస్ రిటర్ను 24క్యూలో అదే పడుతుంది, జూన్ 15 లోపల ఇచ్చే ఫారం 16లోనూ అదే అచ్చవుతుంది. అప్పుడు సవరణ రిటర్ను కోసం ఆఫీసు చుట్టూ తిరగాల.

కాబట్టి నాయనలారా, ఫిబ్రవరి బిల్లు పెట్టకముందే మార్చి నుంచి జనవరి దాకా పదకొండు పే స్లిప్పులూ, పెట్టబోయే ఫిబ్రవరి జీతమూ, సప్లిమెంటరీ బిల్లులూ తీసుకొని ఒక్కసారి చేత్తో కూడండి. ఆ తర్వాతే సాఫ్ట్‌వేరు చెప్పిన టోటలు కింద సంతకం పెట్టండి.