పెద్ద సూదికి తొందర, చిన్న మాత్రకు బద్ధకం

మా రోజుల్లో చివ్వెంలలో మనిషి ఉన్నట్టుండి ఆయాసపడి పోతే 'గుండె ఆగింది' అనేవాళ్లం. అంతకు మించి అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు. మంచం దిగని బాలింత ఒకనాడు లేచి నాలుగడుగులు వేసి కూలిపోతే గాలి సోకిందన్నారు. తుంటి విరిగి నెలల తరబడి పడుకున్న ముసలాయన దగ్గి, రక్తం ఉమ్మి పోతే వయసైపోయిందన్నారు. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డం పడడం వల్ల జరిగిన చావులు ఇందులో ఎన్నో ఎవరికెరుక! దానికి పల్మనరీ ఎంబాలిజం అని ఒక పేరుందని నేను కాంపౌండరుగా చేరాకే విన్నాను.

కాబట్టి మా రోజులే బంగారమని నేననను. 2005లో 108 వచ్చింది. 2019లో సూర్యాపేటకు మెడికల్ కాలేజీ వచ్చింది. సీటీ తీస్తే గడ్డ ఎక్కడుందో తెరమీదే కనిపిస్తుంది. నా సణుగుడంతా ఆ తర్వాత జరిగే తతంగం గురించి.

స్కాన్ కాగితం చేతికి రాగానే చుట్టాలంతా డాక్టరును చుట్టుముడతారు. "ఎంతైనా పెడతం సార్, గడ్డ కరిగే సూది ఎయ్యండి!" పక్కన ఫోన్ పట్టుకున్న మనవడు నాకు చెప్తాడు: "తాతా, వీళ్లు ఉత్త హెపారిన్‌తోటి సరిపెడుతున్నరు, పట్నం తీస్కపోదాం." ఉత్త హెపారినట!

ఆ ఉత్త హెపారిన్ సంగతి వినండి. 1960లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే డాక్టర్లు దాన్ని పరీక్షకు పెట్టారు. మందివ్వని 19 మందిలో అయిదుగురు ఆ గడ్డతోనే పోయారు. హెపారిన్, నికుమలోన్ ఇచ్చిన 16 మందిలో గడ్డతో ఒక్కరూ పోలేదు. ఆ నికుమలోనే మన మెడికల్ షాపుల్లో అసిట్రామ్ పేరుతో దొరికేది. ఈ మందులు గడ్డను కరిగించవు, పెరగనివ్వవు. ఉన్నదాన్ని ఒళ్లే మెల్లగా అరగదీసుకుంటుంది. మనవాళ్లకు నచ్చనిది ఆ 'మెల్లగా' అన్న మాటే.

గడ్డను పగలగొట్టే మందులు వేరు: స్ట్రెప్టోకైనేజ్, ఆల్టెప్లేజ్, టెనెక్టెప్లేజ్. మా రోజుల్లో స్ట్రెప్టోకైనేజ్ పేరు వినడమే గొప్ప. తర్వాత హైదరాబాద్ కంపెనీలే తయారుచేశాయి. దొరుకుతుంది కదాని అందరికీ పొడిచేది కాదది. ఏది చెడ్డ గడ్డో, ఏది గాయాన్ని మూసిన మంచి గడ్డో దానికి తెలియదు. బీపీ 90 కంటే కిందికి జారి, ఒళ్లు చల్లబడి, ప్రాణం పోయేలా ఉన్నప్పుడు డాక్టరే ఆ సూది తీస్తాడు. బీపీ నిలకడగా ఉండి, గుండె మీద మాత్రం భారం పడ్డవాళ్లకు వేస్తే ఏమవుతుందో యూరప్‌లో వెయ్యి మందిని చూసి 2014లో రాశారు. అందరికీ హెపారిన్ ఇచ్చారు, సగం మందికి టెనెక్టెప్లేజ్ కూడా కలిపారు. సూది పడినవాళ్లలో ఉన్నట్టుండి కుప్పకూలడం తగ్గింది, నిజమే. కానీ ఆ 506 మందిలో 12 మందికి పక్షవాతం వచ్చింది, చాలావరకు మెదడులో రక్తం చిమ్మి. ఒక్క హెపారిన్‌తో ఉన్న 499 మందిలో వచ్చింది ఒక్కరికే. చావుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇప్పుడు చెప్పండి, డాక్టరు పిసినారా?

సూది కోసం అంత గోల చేసినవాళ్లు ఇంటికొచ్చాక మాత్రలు వేస్తారా? అదీ లేదు.

మా కాలంలో వార్ఫరిన్. దాని పుట్టుకే విచిత్రం. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసి పశువులు రక్తం కారి చచ్చాయి. 1933లో ఓ రైతు చచ్చిన పెయ్యనూ, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యానునూ విస్కాన్సిన్ యూనివర్సిటీకి మోసుకుపోయాడు. కార్ల్ లింక్ బృందం అందులోంచి అసలు పదార్థాన్ని పట్టుకుంది. దాని దారిలో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వచ్చింది. అది మింగే వాళ్లు బస్సెక్కి సూర్యాపేట పోయి, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకునేవాళ్లు. 2కూ 3కూ మధ్య ఉండాలి. పాలకూర, మునగాకు ఒకరోజు గంపెడు తిని మరోరోజు మానెయ్యడానికి లేదు. కల్లు ముంత ముట్టడానికి లేదు. తిట్టుకుంటూనే అన్నీ పాటించేవాళ్లు.

ఇప్పుడు రివరాక్సబాన్ వచ్చింది. ఐఎన్‌ఆర్ లేదు, ఆకుకూరల లెక్క లేదు. 21 రోజులు 15 మిల్లీగ్రాములది రెండు పూటలా, తర్వాత 20ది రోజుకొకటి, అన్నంతో పాటు. అంతే. మొన్న పక్కింటికి పోతే టీవీ వెనకాల గూట్లో 15ది స్ట్రిప్పు సగం మిగిలి ఉంది. అడిగితే "ఆయాసం తగ్గింది పెదనాయినా, ఇంకెందుకు?" అన్నాడు ఆ మాత్రలు వేసుకోవాల్సిన మనిషి. పొలంలో నడుం పట్టేస్తే ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది కూడా వేయించుకున్నాడట. రక్తం పలచబడే మాత్రకు ఆ డైక్లోఫెనాక్ తోడైతే కడుపులోనే రక్తం కారొచ్చు. చెప్తే "ఎకోస్ప్రిన్ ఏసుకుంటున్న కద" అని నాకే ఎదురు పాఠం. ఎకోస్ప్రిన్ దీనికి బదులు కాదు. అసలు మాత్ర కనీసం మూడు నెలలు వేయాలి. గడ్డ ఏ కారణమూ లేకుండా వచ్చినా, మళ్లీ వచ్చినా ఇంకా ఎక్కువ కాలం.

ఇక ఆ గడ్డ పుట్టే కాళ్ల సంగతి. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు మేం నడిచి పోయేవాళ్లం. ఇప్పుడు గుట్ట కిందిదాకా కారే. తుంటి ఆపరేషనైన మనిషిని డాక్టరు నడిపించమంటే, కదిలితే కుట్లు ఊడతాయని ఇంట్లోవాళ్లే పడుకోబెడతారు. ఒక పిక్క రెండోదానికంటే లావెక్కితే "నీరు పట్టింది" అని పసుపు రాస్తారు. దర్జీ టేపుతో రెండు పిక్కలూ కొలవండయ్యా, 3 సెంటీమీటర్ల తేడా దాటితే ఆసుపత్రికి పొండి అని అంటే, ముసలాయన చాదస్తమట.

ఆసుపత్రిలో అడగాల్సినవి రెండే. బీపీ ఎంతుంది? మాత్రలు ఎన్నాళ్లు? మొదటిది డాక్టరు చూసుకుంటాడు, దాని మీద పంచాయితీ పెట్టకండి. రెండోది చూసుకోవాల్సింది మీరు. అక్కడ మాత్రం ఎంతమందిని వెతికినా ఒక్కడూ దొరకడు.